ఎనిమిదో గడి

జగిత్యాల దుకాణంలో చంద్రయ్య ముందు రెండు డిజిటల్ కెమెరాలు ఉన్నాయి.

రెండూ కొత్తవాళ్ళు మొదట కొనుక్కునే రకమే. ఒకటి తేలిక, ఇంకొకటి చేతికి బరువు.

కోరుట్లలో ముప్పై ఏళ్ళుగా ఫిల్ము మీదే స్టూడియో నడిపిన మనిషి. ఇప్పుడు తప్పుది కొంటే మళ్ళీ కొనలేడు. గంట నుంచి దాన్ని పెట్టి దీన్ని, దీన్ని పెట్టి దాన్ని పట్టుకుంటున్నాడు.

సెల్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన చూసి చూసి నవ్వాడు. బొగ్గులాంటి నలుపు, నుదుటి మీద గాటు.

“అన్నా, రెండిట్ల నన్ను తియ్యి. నా మొకం దేంట్ల కండ్లబడితే గది కొను.”

చంద్రయ్య తీశాడు.

తేలికదాంట్లో పళ్ళూ కళ్ళూ తప్ప ఏమీ లేవు. బరువుదాంట్లో ముఖమంతా ఉంది, నుదుటి గాటుతో సహా.

ఆయన ఆ చిన్న తెరను చాలాసేపు చూశాడు.

“గీయన నేనేనా?” అన్నాడు మెల్లగా. “నాకొకటి ఇయ్యరాదు అన్నా.”

కోరుట్లలో తన స్టూడియోకు వస్తే కడిగి ఇస్తానన్నాడు చంద్రయ్య. ఊరూ పేరూ అడగలేదు. బరువుదే కొన్నాడు.

మర్నాడు కోరుట్లలో తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వంటావార్పు. అది తీయడానికి కెమెరాలో కార్డు ఖాళీగా ఉండాలని, ఒక మీట నొక్కి అందులో ఉన్నది చెరిపేశాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క నెగెటివు పారేసినవాడు కాదు, బీరువా నిండా డబ్బాలే. ఇంత సులువుగా పోతుందా అని ముచ్చటపడ్డాడు కూడా.

నాలుగు నెలలు గడిచాయి. ఆ కార్డు మీద ఎన్నో పెళ్ళిళ్ళు ఎక్కాయి, దిగాయి.

ఉద్యమంలో పోయినవాళ్ళ ఫ్లెక్సీ పని చంద్రయ్యకే వచ్చింది. ఎనిమిది గళ్ళు. ఏడింట్లో ఫొటోలు పెట్టాడు. ఎనిమిదోది కథలాపూర్ భూమయ్యది. రాస్తారోకోలో ఎవరి పిల్లనో పక్కకు నెట్టి, లారీ కింద తాను పడ్డాడట. ఫొటో భార్య తెస్తుందన్నారు.

భార్య బాలమణి వచ్చి కొంగు ముడి విప్పింది. ఓటు కార్డు. ముఖం ఉండవలసిన చోట నల్లటి మరక.

“ఇంకోటి లేదా చెల్లె?”

“ఉన్నదన్నా. మంచిగొచ్చిందట. సచ్చేదాక గదే చెప్పిండు. నీ తాననే ఉన్నదట.”

చంద్రయ్య ధీమాగా లేచి బీరువా తెరిచాడు. ఒక్కొక్క డబ్బా దించుతూ, ఏ సంవత్సరంలో తీయించుకున్నాడని అడిగాడు.

బాలమణి తల అడ్డంగా ఊపి, బల్ల మీది కెమెరాను చూపించింది.

“గా డబ్బాలల్ల గాదన్నా. జగిత్యాల్ల గిది నీకు ఎంచిపెట్టింది మా ఆయననే.”