మీటర్లో తేడా

"ఆ సామాను తీస్తారా, ఇడ్లీలు నెత్తిన పెట్టుకుని నిలబడనా?"

సుభాషిణి గొంతు పెంచింది. డైనింగ్ టేబుల్ నిండా రాజగోపాల్ పరిచిన వైర్లు, స్క్రూలు. చట్నీ గిన్నెకి కూడా చోటు లేదు.

"ఐదు నిమిషాలు ఆగలేవూ? మీటరు కాలిబ్రేట్ చేస్తున్నాను."

"నిన్న సాయంత్రమూ ఐదు నిమిషాలే అన్నారు."

"అంతా నీ వల్లే. అడిగినవాడికల్లా ఇవ్వమని ఎవరన్నారు? ఆ గోవిందరాజులు ఎక్కడో కింద పడేసి ఉంటాడు."

"అడిగారు, ఇచ్చాను. పంచదార అడిగితే ఇవ్వనా?"

"పంచదారా, కరెంటు కొలిచే మల్టీమీటరూ ఒకటేనా?"

గోవిందరాజులు కింది ఫ్లాటులో కూతురు వాసవి దగ్గర ఉంటారు. వాన పడ్డ ప్రతి పొద్దునా గొడుగు ముడుచుకుంటూ గుమ్మంలోకి వస్తారు.

"అమ్మా, ఒక్కసారి మీటరు ఇప్పిస్తారా?"

కాసేపట్లో తుడిచి మరీ తిరిగి ఇస్తారు.

"ఒకటి కొనుక్కోవచ్చుగా బాబాయిగారూ?" అంటే, "మా అమ్మాయి ఇంట్లో ఉంచనివ్వదమ్మా" అని నవ్వేస్తారు.

ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఆ సొసైటీ పిల్లలు ఆయనకి 'కరెంట్ అంకుల్' అని పేరు పెట్టారు. పెద్దలూ నవ్వుకున్నారు. సుభాషిణి కూడా.

నిన్న మాత్రం ఆయన మీటరుతోపాటు ఒక కబురు తెచ్చారు. గేటు బయట, స్కూలు బస్సు ఆగే చోట ఉన్న ఇనప స్తంభంలో కరెంటు ఉందట. మీటరు డెబ్బై వోల్టులు చూపించిందట. కరెంటాఫీసుకి తను ఫోన్ చేస్తే, సెక్రటరీ చేత చెప్పించమన్నారట.

సొసైటీ సెక్రటరీ రాజగోపాలే. గవర్నమెంటు లాబ్‌లో ఆఫీసరు. కొలతల విషయంలో ఇంకొకరి మాట వినే అలవాటు లేదు.

"తేడా స్తంభంలో కాదు మాస్టారూ, మీటర్లో ఉంది" అని నవ్వి పంపించేశాడు. సాయంత్రం లాబ్ నుంచి సర్టిఫికెట్ ఉన్న మీటరు ఒకటి తెచ్చుకున్నాడు. దానితో పోల్చి దీన్ని సరిచేయాలని.

ఇప్పుడు రెంటినీ ఒకే ప్లగ్గులో పెట్టాడు. సుభాషిణి వెనకనుంచి తొంగి చూసింది.

అందులో రెండు వందల ఇరవై ఆరు.

ఇందులోనూ రెండు వందల ఇరవై ఆరు.

వంటింటి ప్లగ్గులో పెట్టి చూశాడు. కొత్త బ్యాటరీకి పెట్టి చూశాడు. వెనక మూత విప్పి, సన్నటి స్క్రూడ్రైవరు పట్టుకుని, లోపలి మర వంక చూస్తూ కూర్చున్నాడు.

దాన్ని తాకకుండానే మూత బిగించేశాడు.

"ఏమైంది?"

"సరిచేశాను."

సుభాషిణి ఏదో అనబోయింది. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. వడ్డించేసింది.

బెల్లు మోగింది. బయట కుండపోత.

"అమ్మా, మీటరు..."

"ఇవ్వదు." రాజగోపాల్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఇది పిల్లలాట కాదు మాస్టారూ. వాడడం రానివాళ్లు ముట్టుకోకూడదు."

"పోనీ మీరే రండి సార్. మీ చేత్తోనే పెట్టి చూడండి. రోడ్డంతా నీళ్లు. పిల్లలు ఎక్కి నిలబడేది ఆ స్తంభం దిమ్మ మీదే."

"నాకు ఆఫీసు లేదనుకున్నారా?"

ఆయన బూట్ల లేసులు కట్టుకుంటున్న సుభాషిణి కూతురు సాత్విక వంక చూశారు.

"పాపని ఇవాళ మానిపించకూడదా అమ్మా?"

"యూనిట్ టెస్ట్ ఉంది అంకుల్!" అంది సాత్విక.

ఆయన గొడుగు విప్పకుండానే మెట్లు దిగిపోయారు.

సుభాషిణి బాల్కనీలోంచి చూసింది. గోవిందరాజులు రెండు చేతులూ చాపి గేటుకి అడ్డం నిలబడ్డారు. పిల్లల్ని ఒక్కళ్లనీ బయటికి పోనివ్వడం లేదు. బస్సు రాగానే, "భయ్యా, ఇధర్ లావో! ఇధర్!" అని గేటు దాకా రప్పించి, ఒక్కొక్కళ్లనే ఎక్కించారు. అందరూ తడిసి ముద్దయ్యారు.

"అంకుల్‌జీకి పిచ్చెక్కిందా?" అని తల్లులు సెక్రటరీకి ఫోన్లు చేశారు. సెక్రటరీ వాసవికి ఫోన్ చేశాడు.

"మీ నాన్నగారిని కాస్త ఇంట్లో ఉంచుకోండమ్మా. పిల్లల్ని హడలగొడుతున్నారు."

మధ్యాహ్నం ఆ దిమ్మ మీద వీధికుక్క ఒకటి చచ్చి పడి ఉంది. దాన్ని లాగబోయిన చౌకీదారుని ఎవరో వెనక్కి గుంజారు. తర్వాత కరెంటువాళ్లు వచ్చి లైను ఆపేశారు.

సాయంత్రం వాసవి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాన్నని గుర్గావ్‌లో తమ్ముడింట్లో దింపి వచ్చానాంటీ. సార్ ఫోన్ చేసేసరికి తల తీసేసినట్టయింది. నాన్నని నోటికొచ్చినట్టు అన్నాను. కుక్క సంగతి ఇక్కడికొచ్చాకే తెలిసింది."

"వెంటనే తీసుకొచ్చెయ్యమ్మా."

"రానన్నారాంటీ. ఇక ఏ గేటు దగ్గరా నిలబడే ఓపిక లేదన్నారు."

గుమ్మంలో నిలబడే మరో సంగతి చెప్పింది. లోపలికి రమ్మనడం కూడా సుభాషిణికి తోచలేదు.

భోజనాల దగ్గర రాజగోపాల్ హుషారుగా ఉన్నాడు. సెక్రటరీగారి మీటరు వల్లే ప్రమాదం బయటపడిందని సొసైటీ అంతా అనుకుంటోంది. కాదని అతను అనలేదు.

"అంకుల్ మమ్మల్ని పోల్ దగ్గరికి పోనివ్వలేదు డాడీ. సబ్ భీగ్ గయే, తడిసి ముద్దయ్యాం" అంది సాత్విక.

రాజగోపాల్ అన్నం కలుపుతూ తన నిర్ణయం చెప్పాడు.

"ఇకనుంచి వాన పడితే నేనే దిగి చూస్తాను. మీటరు ఎవరికీ ఇచ్చేది లేదు. ఇలాంటివి తెలిసినవాళ్లు చూసుకోవాలి, ఎవరు పడితే వాళ్లు కాదు."

సుభాషిణి చారు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"గోవిందరాజులుగారు ఒకప్పుడు మన ఊళ్లవైపు కరెంటాఫీసులో పెద్ద ఇంజనీరటండీ, స్తంభం షాకు కొడుతోందని ఓ తండ్రి మీటరు పట్టుకుని వస్తే, నీ మీటరే తప్పని నవ్వి పంపించేశారట, మర్నాటి వానలో ఆ తండ్రి కూతురు అదే స్తంభం పట్టుకుని చనిపోయిందట."