రెండు చివర్లా సుభాషిణి

కిటికీల్లేని మా కాలనీలో గదికొక గోడఫోటో ఇస్తారు. సముద్రంలో కలిసిపోయిన మా వీధి పనోరమా తీసుకుని ఎడిటింగ్ కౌంటరుకు వెళ్లాను.

"చనిపోయినవాళ్లు ఉండకూడదు మాస్టారూ. వాళ్లనే చూస్తా కూర్చుని జనం పనిలోకి రావట్లేదంట," అంది కౌంటర్లో నూకరత్నం.

ఎడమ చివర నిలబడ్డ నా భార్య సుభాషిణిని చెరిపేసింది. అక్కడ ఉత్త గోడ మిగిలింది.

ఆ ఫోటో తీసిననాడు నేను ఫోన్ ఎడమనుంచి కుడికి మెల్లగా తిప్పుతుంటే, సుభాషిణి నా వెనకనుంచి పరిగెత్తి కుడి చివర కూడా నిలబడింది. నవ్వాపుకోలేక మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నూకరత్నం ఆ చివరకొచ్చి ఆగింది. అదే చీర.

"ఈవిడెవరండీ?"

నాకు అబద్ధం నోటికి రాలేదు.

"పక్కింటావిడేమో లెండి. బతికే ఉంటారు," అంటూ తనే ఎక్స్‌పోర్ట్ నొక్కేసింది.