దిగుడు భుజం

“ఎడమ భుజం చూడండి సార్. అది దిగిందంటే కుడి చెయ్యి వచ్చేస్తుంది,” అన్నాడు కటింగ్ మాస్టరు, కత్తెర బల్ల మీద పెడుతూ.

పైకప్పుకి దగ్గరగా బిగించిన టీవీలో, ఇనుప జాలీ పంజరం మధ్య, చాంపియన్ ఎడమ భుజం వెంట్రుకవాసి దిగింది. మరుక్షణం కుడి పిడికిలి ఎదుటివాడి చెవి మీద పడింది. ఆ పిడికిలి వల్లే అతనికి పిడుగు అని పేరు.

“నీవి కళ్లా, కొలత టేపులా?” అన్నాడు టైలరింగ్ దుకాణం ఓనరు. “పదేళ్ల నుంచీ వాడి పోటీలు చూస్తున్నాను, నాకెప్పుడూ కనబడలేదే.”

ఆదివారం మధ్యాహ్నం. షట్టరు సగం దించి ఉంది. ఓనరూ, కాజాలు కుట్టే పెద్దాయనా మెడలు పైకెత్తి చూస్తున్నారు. మాస్టరు వాళ్లమ్మ మాత్రం టీవీకి వీపు పెట్టి, ఎవరిదో లంగాకి అంచు కుడుతోంది. నోట్లో నాలుక లేని మనిషి. కొట్లాటలు పడవావిడకి. ఎడమ చెవి వినబడదు కాబట్టి కొడుకు ఎప్పుడూ కుడిపక్కనే కూర్చుంటాడు. బతుకంతా మిషన్ల రొదలో గడిపితే చెవులు ఉంటాయా అని కాజాలాయన తీర్మానం.

మాస్టరుకి పాతికేళ్లు నిండలేదు. ఒకరికి ఎదురుచెప్పి ఎరగడు. అలాంటివాడు పిడుగు పోటీ వచ్చేసరికి పళ్లు కొరుకుతాడు. రెండేళ్ల కిందట తన అభిమాన ఆటగాణ్ణి పిడుగు పడగొట్టాడు, అప్పటి నుంచే ఈ కక్ష అని దుకాణంలో అందరి నమ్మకం. అవునని అతనూ అనలేదు, కాదనీ అనలేదు.

“ఈసారైనా ఓడతాడంటావా?” అన్నాడు కాజాలాయన.

“ఓడితే చాలదు బాబాయ్. పడాలి. అందరూ నిలబడి ఉంటే వాడొక్కడే కింద పడి, పైకి చూడాలి.”

“అమ్మో. అంత పగ పనికిరాదురా. ఆటేగా.”

మాస్టరు సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు. పగ పనికొస్తుందో లేదో అతనికి తెలుసు. రెణ్ణెల్ల కిందట ఈ పొడుగాయన, అంటే ఇప్పుడు పిడుగుతో తలపడుతున్నవాడు, పోటీకి నిక్కరు కుట్టించుకోవడానికి ఈ దుకాణానికే వచ్చాడు. నడుం కొలత తీస్తూ మాస్టరు ఆ భుజం సంగతి అతని చెవిన వేశాడు.

“వాడి వీడియోలన్నీ చూశాను తమ్ముడూ. నాకేం కనబడలేదు,” అన్నాడు పొడుగాయన.

“పక్క నుంచి చూస్తే కనబడదన్నా. ఎదురుగా, కింది నుంచి చూడాలి.”

“నువ్వు కింది నుంచి ఎలా చూశావ్?”

మాస్టరు టేపు నోట్లో పెట్టుకుని, గడ్డం ఎత్తి టీవీ వైపు చూపించాడు. పొడుగాయన తలెత్తి, అంత ఎత్తున ఉన్న టీవీని చూసి నవ్వేశాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, ఈసారి కొలతలకి కాదు. మాస్టరు అతన్ని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి భుజం దించి చూపిస్తూనే ఉన్నాడు. దిగగానే వెనక్కి పోకూడదు, లోపలికే అడుగు వెయ్యాలి. వెనక్కి పోయినవాళ్లకే దెబ్బ తగులుతుంది.

కానీ చెప్పింది వేరు, పంజరంలో జరుగుతున్నది వేరు. రెండో రౌండు ముగిసేసరికి పొడుగాయన చెవి కమిలి వాచింది. భుజం దిగిన ప్రతిసారీ అతని కాలు అలవాటుగా వెనక్కే పోతోంది.

“అయిపోయింది,” అన్నాడు ఓనరు. “నలభై నాలుగేళ్లొచ్చినా తగ్గలేదు వెధవ.”

“లోపలికి వెళ్లన్నా,” అన్నాడు మాస్టరు టీవీతో. ఇదే పిడుగుకి చివరి పోటీ అని వారం నుంచీ చెబుతున్నారు. ఈరోజు గెలిస్తే పూలదండతో ఇంటికి పోతాడు. ఇక వాణ్ణి కొట్టేవాడు పుట్టడు. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నదంతా ఏం చేసుకోవాలి? సుద్దముక్క అతని గుప్పిట్లో పొడైపోయింది.

మూడో రౌండు. పిడుగు నవ్వుతూ వచ్చాడు. ఎడమ భుజం దిగింది.

పొడుగాయన లోపలికి అడుగు వేశాడు.

కుడి పిడికిలి అతని తల వెనక గాల్లోకి పోయింది. అతని మోచెయ్యి మాత్రం పిడుగు దవడ కింద సూటిగా తగిలింది. పిడుగు మోకాళ్లు మడత పడ్డాయి. వీపు నేలకి తగిలింది. రిఫరీ పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా అడ్డం పడి, చేతులు ఊపేశాడు.

“తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడురా,” అని ఓనరు బల్ల చరిచాడు. “మాస్టారూ, నీ కక్ష తీరింది. రేపు టీ నాది.”

మాస్టరు నవ్వలేదు. టీవీలో పిడుగు కళ్లు తెరిచి, తన చుట్టూ నిలబడ్డ కాళ్లనీ, పైనున్న మొహాల్నీ వెర్రిగా చూస్తున్నాడు. సరిగ్గా ఇలాగే చూడాలని కోరుకున్నాడు మాస్టరు. తృప్తి వేడినీళ్లలా ఒళ్లంతా పాకింది.

వెనక సూది ఆగింది. అమ్మ ఇటు తిరగలేదు. లంగా అంచు ఒళ్లో అలాగే ఉంది.

“లేచాడా?” అంది మెల్లిగా.

అతను కుర్చీ జరుపుకుని ఆవిడ కుడి చెవి దగ్గరికి వంగాడు.

“నాన్న లేవలేదమ్మా.”