విత్తు సంఖ్య

"ఎవరి చెవిలో పూలు పెడతావమ్మా? ఒక్క జల్లు లెక్కగట్టి, తొంభైతొమ్మిది కాపీ కొట్టావు!" ప్రొఫెసరమ్మ తన విద్యార్థినికి తెరమీది గీతలు చూపించింది.

ఆకాశం నుంచి దూసుకొచ్చే ఒక్క కణం గాలిలో లక్షల కణాలై జల్లులా రాలే తీరును లెక్కగట్టే ప్రోగ్రామది. ఏ రెండు జల్లులూ ఒకేలా రాలవు. ఇవి వందా అచ్చుగుద్దినట్టున్నాయి.

"ఒట్టు మేడమ్, వందసార్లూ నడిపాను. విత్తు సంఖ్య మాత్రం మీరు రాసిందే ఉంచాను."

ప్రోగ్రాము తన చీట్లాట మొదలుపెట్టే అంకె అది; ఆ విత్తు మారకపోతే అదే జల్లు మళ్లీ మళ్లీ రాలుతుంది.

ప్రొఫెసరమ్మ ప్రోగ్రాము తెరిచింది. పదిహేనేళ్ల కిందట తను విత్తుగా పెట్టిన కూతురి పుట్టినతేదీ అక్కడ అలాగే ఉంది. ఆనాడు ఇదే ప్రోగ్రాముతో వంద జల్లుల సగటు చూపించి డాక్టరేటు తెచ్చుకుంది. విడివిడిగా ఒక్కటీ చూసుకోలేదు.

"మార్చేయనా మేడమ్?"

"ఇందులో మార్చేస్తావు తల్లీ. నా పట్టాలో ఎలా మార్చను?"