డిక్కీ మీద పేరు

“పోయిందా మేస్త్రీ?”

బాలచంద్ర అలా అడగడం పొద్దుటి నుంచి ఇది పదోసారి. అడుగుతాడు, నేను జవాబు చెప్పేలోపే షెడ్డు బయటికి పోతాడు, మళ్ళీ వస్తాడు.

అతని పాత ఎర్ర స్పోర్ట్స్ కారు డిక్కీ మీద ‘జయంతి’ అని స్టిక్కరు ఉండేది. చనిపోయిన భార్య పేరు. రేపు సత్యవేడులో అతనికి రెండో పెళ్లి. ఈ కారులోనే పెళ్లికూతుర్ని తెచ్చుకోవాలి. ఆ పేరు ఉండకూడదన్నారట పెళ్లివారు. స్టిక్కరు తనే పీకేశాడు. అక్షరాలు మాత్రం ముదురు ఎరుపులో అక్కడే ఉండిపోయాయి.

మామిడికాయల లారీలకు రంగులేసే చెయ్యి నాది. ఇలాంటి కారు ఎప్పుడో గాని రాదు. పని మీద చూపు నిలవక కసిరాను.

“ఊరికే తిరగబాకన్నా, నా తల తిరగతా ఉండాది. ఆడ కూర్చో.”

కూర్చోలేదు.

సాయంత్రం పాలిష్ మిషను ఆపి, మెత్తటి గుడ్డతో తుడిచాను. డిక్కీ అద్దంలా ఉంది. ఒక్క అక్షరం కనపడలేదు.

“పోయిందా?”

ఈసారి బయటికి పోకుండా, డిక్కీ వైపు చూడకుండా అడిగాడు. ఇంతసేపూ అతను అడిగింది తొందరకొద్దీ కాదని అప్పుడు గాని నాకు తెలియలేదు.

“పేరును నేను ముట్టుకోలేదన్నా. స్టిక్కరు కింద ఎండ తగల్లా, అందుకే ఆడ అసలు రంగు అట్లే ఉండాది. వెలిసిపోయింది మిగతా బండి. దాన్నంతా రుద్ది ఆ రంగుకే తెచ్చినాను.”

బాలచంద్ర కారు మీద చెయ్యి ఆనించి మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు.