కొత్తవాడి మెనూ

చార్టు మాస్టారు ఎక్సెల్ పైభాగంలో ఉన్న మెనూలన్నీ ఒక్కొక్కటిగా మాయం చేస్తున్నాడు.

బస్సు డిపోలో ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలో పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నది ఆయనే. ఇన్నేళ్లలో చార్టు మీద కొట్టివేత కనపడితే ఒట్టు. పోయిన నెల మాత్రం ఒకే డ్రైవరును ఒకే సమయానికి రెండు బస్సులెక్కించాడు.

"మాస్టారూ, ఏ బస్సులో కుడికాలు పెట్టను, ఏ బస్సులో ఎడమకాలు పెట్టను?" అని ఆ డ్రైవరు అడిగితే డిపో అంతా పడీపడీ నవ్వింది. మేనేజరు నవ్వలేదు. ఇంకొక్క తప్పు జరిగితే ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారని మొహం మీదే చెప్పేశాడు.

ఆ మర్నాటి నుంచే మాస్టారు ఈ పని పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ తన వేళ్లకు మాత్రమే తెలిసిన పనినంతా మాక్రోలుగా రాస్తున్నాడు. మెనూలో ఒక్క మాట నొక్కితే చాలు, సెలవు పెట్టినవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఇంకోటి నొక్కితే మిగిలినవాళ్లు బస్సులకు సర్దుకుంటారు. బుర్ర పెట్టాల్సిన పని లేదు.

టికెట్ల సెక్షన్ ఆవిడ టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడింది.

"ఇదేంటండీ, అన్నీ తీసేసి నాలుగే మిగిల్చారు?"

"వచ్చేవాడికి ఏమీ తెలియదమ్మా. ఇంతకన్నా ఎక్కువుంటే బెదిరిపోతాడు."

"మీ కుర్చీ లాక్కునేవాడికి మీరే పీట వేస్తున్నారా? ఇంత మంచితనం పనికిరాదండీ."

మాస్టారు నవ్వాడు. ఆవిడ తెర మీదికి వంగి చదివింది. 'ముందు ఇది నొక్కు.' 'తర్వాత ఇది నొక్కు.' 'ఇప్పుడు అచ్చు తియ్యి.'

"అయ్యో రామ! ముక్కూమొహం తెలియని మనిషిని నువ్వు అనేస్తే ఎలా? నొక్కండి అనాలి కదా."

"వాడి దగ్గర నాకు మీరూ గీరూ ఏమీ లేవులే."

"అంటే ఎవరొస్తున్నారో ముందే తెలుసన్నమాట! మేనేజరుగారి తాలూకా మనిషేనా?"

"కాదులే."

"మరి ఈ నాలుగోదేంటి, 'ఇంటికి' అని ఉంది?"

"సాయంత్రం అయిదింటికి అది నొక్కుతాడు."

"ఇంటికెళ్లడానికి కూడా మెనూనా! ఎంత ఏమీ రానివాడైతే మాత్రం!" అని ఆవిడ నవ్వుకుంటూ తన సీటుకు వెళ్లిపోయింది.

భార్య దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"ఏమండీ, ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవచ్చింది."

"డాక్టరుగారు ఆర్నెల్లన్నారు కదా. ఎందుకంత కంగారు?"

"ఆయన అలాగే అన్నాడు. నాకు అన్నాళ్లు ఉన్నట్టు అనిపించడం లేదు."



"మధ్యాహ్నం అన్నం తిన్నారా?"

మాస్టారు క్యారియరు మూత తీసి చూసి, "తిన్నాను" అన్నాడు.

ఫోను పెట్టేసి మళ్లీ తెర వైపు తిరిగాడు. ఇదంతా ఎన్నాళ్లో నిలిచేది కాదని ఆయనకు తెలుసు. ఇంట్లో ఇంకా చదువుకుంటున్న పిల్లలున్నారు, మేనేజరు కనిపెట్టకుండా ఉన్నన్నాళ్లే ఈ కుర్చీ. కొత్తవాడు ఈ తెర ముందు బిక్కచచ్చి కూర్చునే రోజున ఏ మాక్రో ఆదుకోదు.  ఆ మనిషిని తలుచుకుంటే కోపం రాలేదు, జాలే వేసింది. అయినా చెయ్యగలిగింది ఇదొక్కటే.

చివరిగా నాలుగోది పనిచేస్తోందో లేదోనని నొక్కి చూశాడు. తన ఇంటి చిరునామా, ఎక్కాల్సిన బస్సు నంబరు, ఒక ఆడమనిషి ఫోటో, దాని కింద తను రాసిపెట్టిన మాట వరసగా వచ్చాయి: 'భయపడకు, ఈవిడ నీ భార్య.'