దిగని జెండా

పొద్దుటి నుంచీ మబ్బు కమ్ముకునే ఉంది. చినుకు రాలదు, ఎండా రాదు. పదో తరగతి గదిలో లైటు వేయాల్సి వచ్చింది.

అటెండరు నల్లబల్ల పక్కన నిచ్చెన ఆనించి నిలబడ్డాడు. పైన గోడకు, స్వలింగ ప్రేమికులకు అండగా ఎగరేసే ఇంద్రధనుస్సు రంగుల జెండా.

"ఎక్కేదా, మానేదా టీచరమ్మా? హెడ్మాస్టరు పీకమన్నారు. మీరు కళ్ళురుముతున్నారు. మధ్యలో నా మోకాళ్ళేం పాపం చేశాయి? రెండు నెలల కిందట మీరు కట్టమంటే మేకు కొట్టిందీ నేనేనాయె."

"నిచ్చెన తీసుకుపో బాబాయ్," అంది లెక్కల టీచరు.

ఆ మాట అంటుండగానే హెడ్మాస్టరు లోపలికొచ్చాడు. టైపు చేసిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఫిర్యాదుల పెట్టెలో దొరికిన ఆకాశరామన్న ఉత్తరం. పెట్టెలో ఏ కాగితం పడినా వారం లోపల జవాబు అంటించాలి. అది ఆ బడి కట్టుబాటు.

'ఆ జెండా ఉంటే ఆ గదిలో కూర్చోలేము. దయచేసి తీసేయండి.'

"ఎవడో తండ్రి రాసుంటాడు. కడుపునిండా విషం, పైకి దయచేసి!" అందామె.

"మీ అమ్మాయి సంగతి నాకూ తెలుసమ్మా. తను వేరని తెలిసింది కాబట్టి అందరూ దూరం పెడుతున్నారు. జాలే. కానీ పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు."

"రెండు నెలలుగా దాని పక్కన ఒక్కళ్ళు కూర్చోవడం లేదు సార్. ఈ గదిలో దానికి అండ ఆ గుడ్డ ఒక్కటే."

"అయితే జవాబు ఏమని అంటించను?"

టీచరు జెండా వంక చూసింది.

"జెండా కట్టిన టీచర్ని పంపించేశామని అంటించండి. జెండా మీద మాత్రం చెయ్యి పడకూడదు."

"పన్నెండేళ్ళ ఉద్యోగమమ్మా!"

"ఓ తెల్లకాగితం ఇటివ్వండి."

నిలబడే రాజీనామా రాసిచ్చింది. అటెండరు నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు కంచాలు పెడుతోంది.

"నీ జెండా ఎక్కడికీ పోదే. హెడ్మాస్టరు మాటిచ్చాడు. నువ్వు పరీక్షలు రాసేదాకా అక్కడే ఉంటుంది."

"మరి నువ్వు?"

"నేను రేపట్నుంచి రాను. నువ్వు ధైర్యంగా దాని కింద కూర్చో."

ఆ పిల్ల తల్లి మొహం చూసి, అన్నం వడ్డించింది. ఇద్దరూ ఎదురెదురుగా తినడానికి కూర్చున్నారు. కూతురి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగుతోంది. తల్లి మంచినీళ్ళు దగ్గరకు జరిపింది.

ఆ ఉత్తరం రాసింది ఆ పిల్లే.